నీలం చుక్క ఏ బావిది? కనిగిరి దగ్గర ఒక ఊరి నీళ్ళ కేసు

2023 మే మొదటి వారంలో కనిగిరి దగ్గరి ఒక ఊరి నుంచి సర్పంచి గారి భర్త ఫోన్ చేశారు. "సార్, బోరుకు పాయింట్ పెట్టాలి. ఫ్లోరైడ్ లేని నీళ్ళు యాడ పడతాయో మీ కంప్యూటర్లో చూసి చెప్పండి." నేను ఒంగోలులో ఉంటూ భూగర్భ జలాల సర్వేలు చేస్తుంటాను. ఎండాకాలం వస్తే ఇలాంటి ఫోన్లు మామూలే. అయితే ఈ ఊరివాళ్ళు అప్పటికే కొబ్బరికాయ పట్టే ఆయన్ని పిలిపించి, ఆయన చూపించిన చోట 500 అడుగులు దాటించి బోరు వేశారు. నీళ్ళు రెండించీలు పడ్డాయి. కానీ పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ పాత బోరుకన్నా ఎక్కువ వచ్చింది. కొబ్బరికాయ పోయి కంప్యూటర్ వంతు వచ్చిందన్నమాట.

ఈ కేసులో మొదట నేను చెప్పింది తప్పు. బోరు లారీ రాకముందే తప్పు తెలిసింది కాబట్టి సరిపోయింది. ఆన్‌లైన్ మ్యాపులు చూసి నీళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నేను ఎక్కడ జారానో వాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఆ నేల సంగతి

ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్గొండ గుర్తొస్తుంది. కానీ మన దేశంలో తాగునీటి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) మీద తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. పాత రికార్డులు వెతికేవాళ్ళు ఏ జిల్లా పేరు కింద వెతకాలో తెలియాలి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ జిల్లాలు మారి కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి బాపట్లలోకి వెళ్ళాయి. అంతకుముందు తీసిన రీడింగులు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. జిల్లా సగటు పక్కన జిల్లా సగటు పెట్టి 'పదేళ్ళలో తగ్గింది, పెరిగింది' అనేవాళ్ళు ఒక్కోసారి వేరువేరు ఊళ్ళను పోలుస్తుంటారు.

కనిగిరి చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటు. అందులోని నల్లటి అభ్రకం రేకుల్లో, ఫ్లోరైట్, అపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్ళు పగుళ్ళలో ఎన్నేళ్ళు నిలవుంటే అంత ఎక్కువగా అది నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి రాయిగా కట్టేసుకుని నీళ్ళలో తగ్గుతుంది. కాల్షియం తక్కువుండి, సోడియం, బైకార్బొనేటు ఎక్కువుండి, పీహెచ్ 8 దాటితే ఫ్లోరైడ్‌కు అడ్డే ఉండదు. ఈ కాల్షియం సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

తెర మీద కనిపించింది

మొదట తెరిచింది ఇండియా-విరిస్. కేంద్ర జల సంఘం, ఇస్రో కలిసి 2010లో తెచ్చిన పోర్టల్ ఇది. ఇప్పుడు జలశక్తి శాఖ కింద నడుస్తోంది. కేంద్ర భూగర్భ జల మండలి బావుల నీటి మట్టాలు, నీటి నాణ్యత, వానలు, జలాశయాల నిల్వలు అన్నీ ఒకే మ్యాపు మీద చుక్కలుగా వస్తాయి. మట్టాలను ఏడాదికి నాలుగుసార్లు చూస్తారు: జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు. నాణ్యత నమూనా మాత్రం మామూలుగా ఏడాదికి ఒక్కసారే, వేసవిలో తీస్తారు.

మన ఊరి పక్కనే, చెరువు వైపు, నీలం చుక్క కనిపించింది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే. ఊరికి దక్షిణంగా ఉన్న చుక్కలన్నీ ఎరుపు. ఇస్రో వాళ్ళ మ్యాపుల సైటు భువన్‌లో భూజల మ్యాపు తెరిస్తే అదే చెరువు పక్కగా ఈశాన్యం నుంచి నైరుతికి ఒక పగులు గీత. ఇంకేం కావాలి? 'చెరువు కింద, గీత మీద, 300 అడుగులు' అని ఫోన్లోనే చెప్పేశాను. వాళ్ళు లారీకి అడ్వాన్సు కూడా ఇచ్చారు.

ఆ గీత గురించి ఒక మాట. ఆ మ్యాపులు 1:50,000 స్కేలులో తయారైనవి. అంటే మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. తెరను ఎంత జూమ్ చేసినా గీతకు కొత్త కచ్చితత్వం రాదు, గీత లావవుతుందంతే. జూమ్ చేసి ఆ గీత మీదే బోరు పాయింటు పెట్టేవాళ్ళను చూశాను. ఆ 50 మీటర్ల పట్టీలో కనీసం రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి కింద నీళ్ళ జాడ చూడటం) అయినా చేయకుండా అలా పెట్టడం చిలక జోస్యమే. నేనూ సర్వే చేశాకే పాయింటు పెట్టాలనుకున్నాను. అందుకే ఊరికి బయల్దేరాను, లేకపోతే ఈ కేసు ఇంకోలా ముగిసేది.

వెళ్ళే ముందు ఇంకో పని చేశాను. పంచాయతీ కార్యదర్శి ఊళ్ళోని బోర్లు, బావుల లొకేషన్లు కాగితం మీద రాసి వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. 15.24, 79.30 లాంటి అంకెలు. వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించి మ్యాపు మీద వేస్తే ఊరి బావులన్నీ నైరుతి దిక్కున సీఎస్ పురం వైపు వెళ్ళి కూర్చున్నాయి. దాదాపు 28 కిలోమీటర్ల తేడా. ఆయన రాసింది 15 డిగ్రీల 24 నిమిషాలు, నేను ఎక్కించింది 15.24 డిగ్రీలు. 24 నిమిషాలంటే 0.4 డిగ్రీ కాబట్టి అది 15.40 కావాలి. అన్ని బావులూ ఒకేసారి పక్క మండలానికి పోయాయి కాబట్టి కనిపెట్టాను. ఒక్క బావే అయ్యుంటే, నిమిషాలు ఐదో ఆరో అయ్యుంటే, నాలుగైదు కిలోమీటర్ల తేడా నా కంట పడేది కాదు.

పప్పు ఉడికే నీళ్ళు

ఊళ్ళో అడుగుపెట్టగానే సర్పంచి గారి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వితే గార పళ్ళు. పై పళ్ళ మీద అడ్డంగా గోధుమ రంగు చారలు. బ్రష్ చేస్తే పోయేవి కావు, పన్ను తయారవుతున్నప్పుడే పడినవి. మోకాళ్ళు వంగిపోయి కర్ర సాయంతో నడిచే పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చుని, "అబ్బయ్యా, ఎంతమంది వచ్చి ఎన్ని సీసాలు పట్టుకుపోయినయ్యో లెక్కలేదు" అన్నారు. ఆయన తప్పేం అనలేదు. సీసాలు పట్టుకెళ్ళినవాళ్ళు ఫలితం తెచ్చి ఊళ్ళో చెప్పడం అరుదు.

సర్పంచి గారు అప్పటిదాకా మాట్లాడలేదు, భర్తే మాట్లాడుతున్నారు. నేను పాత చేదబావి గురించి అడిగేసరికి ఆమె అందుకున్నారు. "ఆ బావి నీళ్ళు ఎవరూ తాగరు సార్. చవుడు నీళ్ళు. పప్పు వేస్తే రెండు గంటలైనా ఉడకదు. సబ్బు నురగ రాదు. బోరు నీళ్ళైతే పప్పు వెన్నలా ఉడుకుద్ది. మా అత్తగారు బోరు వేసినప్పుడు కొబ్బరికాయ కొట్టి మరీ మొదలుపెట్టింది."

అక్కడ ఆగిపోయాను. పప్పు ఉడక్కపోవడానికి, నురగ రాకపోవడానికి కారణం నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. పప్పు వెన్నలా ఉడికే బోరు నీళ్ళంటే కాల్షియం తక్కువున్న నీళ్ళు. అంటే ఫ్లోరైడ్‌కు అడ్డులేని నీళ్ళు. తరతరాలుగా మన ఆడవాళ్ళు మంచినీళ్ళకు పెట్టిన పరీక్ష ఈ గ్రానైటు నేలలో, లోతు బోర్ల విషయంలో తిరగబడుతోంది. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు. నాలుక చెప్పదు, పప్పు అబద్ధం చెబుతుంది.

అప్పుడు ఫోన్లోనే విరిస్ నుంచి దింపుకున్న ఎక్సెల్ తెరిచాను. నీలం చుక్క వరసలో ఫ్లోరైడ్ గడి ఒక్కటే చూశాను కానీ పక్క గడులు చూడలేదు. చూస్తే కాల్షియం ఎక్కువ, మొత్తం కాఠిన్యం ఎక్కువ, సోడియం తక్కువ. సర్పంచి గారు చెప్పిన బోరు నీళ్ళు కావవి. ఆమె చెప్పిన చవుడు బావి నీళ్ళు. నాణ్యత పట్టికలో బావి లోతు లేదు. నీటి మట్టాల పట్టికలో అదే బావి పేరు వెతికితే పక్కన 'డగ్ వెల్' అని ఉంది. నేను 300 అడుగుల బోరుకు ధైర్యం తెచ్చుకున్నది నలభై అడుగులైనా లేని చేదబావి రీడింగు చూసి.

పోర్టల్ తప్పేమీ లేదు. కేంద్ర మండలి బావుల్లో చేదబావులూ ఉంటాయి, గొట్టపు బావులూ ఉంటాయి. మ్యాపు మీద మాత్రం రెండింటికీ ఒకే గుండ్రటి చుక్క. ఊరి పేరు, రంగు చూసి 'ఈ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయి' అనుకున్నది నేను. చుక్క చెప్పేది ఊరి సంగతి కాదు, ఒక బావిలో, ఒక లోతులో, ఒక మే నెలలో పట్టిన సీసా సంగతి.

రంగు గురించి కూడా చెప్పాలి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదం, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. చాలా మ్యాపుల్లో రంగు మారేది 1.5 దగ్గర. అంటే 1.4 ఉన్న నీళ్ళు కూడా నీలంగానే కనిపిస్తాయి. కందిచేలో రోజంతా పనిచేసి ఐదు లీటర్లు తాగే మనిషికి అది ఏడు మిల్లీగ్రాములు. ఏసీ గదిలో లీటరున్నర తాగేవాడి లెక్క వేరు. అందుకే నేనిప్పుడు రంగులు తీసేసి అంకెలే కనిపించేలా పెట్టుకుంటున్నాను.

మా మ్యాపు మేమే

లారీ ఆపించాం. అడ్వాన్సులో కొంత పోయింది, దాని గురించి నాలుగు మాటలు పడ్డాను.

ఊళ్ళోని బోర్లు, బావులు అన్నీ తిరిగి పద్నాలుగు చోట్ల నమూనాలు పట్టాం. కార్యదర్శి, నీళ్ళు వదిలే కుర్రాడు, నేను. ముందు ఫీల్డ్ కిట్‌తో చూశాం. అందులో గులాబీ రంగు పసుపు వైపు ఎంత మళ్ళితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. ఎండలో నిలబడి రంగులు పోలుస్తుంటే కార్యదర్శి కంటికి ఒకటి, నా కంటికి ఒకటి కనిపించింది. వేప చెట్టు నీడలో తెల్లకాగితం వెనక పెట్టి చూస్తే గొడవ కొంత తగ్గింది. అనుమానం ఉన్నవన్నీ ల్యాబుకు పంపాం.

ప్రతి నమూనాకూ లోతు రాయాలని పట్టుబట్టాను. చేదబావికి తాడు వేసి కొలిచాం. బోర్లకు లోతు ఎవరికీ గుర్తులేదు. కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) ఎంత వేశారో అసలే తెలియదు. మోటారు దించిన మెకానిక్‌ను పిలిచి 'ఎన్ని పైపులు దించావు' అని అడిగి, ఒక్కోటి 20 అడుగుల లెక్కన వేసుకున్నాం. మోటారు ఉన్నది ఆ లోతున, బోరు అంతకన్నా కిందికి ఉండొచ్చు. కనీసం అదైనా దొరికింది.

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేసినప్పుడు చేదబావులకు గుండ్రం, బోర్లకు త్రికోణం, పక్కన లోతు, కింద ఫ్లోరైడ్ అంకె పెట్టాను. బొమ్మ చూడగానే అర్థమైంది. చెరువు కట్ట కిందున్న మూడు గుండ్రాలూ 1 చుట్టూ ఉన్నాయి. వాటికి వంద గజాల్లో ఉన్న త్రికోణం 3 దాటింది. దూరం కాదు, లోతే తేడా. చెరువులో నీళ్ళు నిలిచినప్పుడు పైపై నుంచి దిగే కొత్త నీళ్ళు చేదబావిలోకి వస్తాయి. బోరు లాగేది కింద పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవున్నవి.

ఇక్కడే ఇంకో సంగతి. కొన్ని వెబ్ మ్యాపులు చుక్కల మధ్య ఖాళీని కూడా రంగుతో నింపేస్తాయి. నా పద్నాలుగు అంకెలను అలా నింపితే ఎలా ఉంటుందో సరదాకి చూశాను. చుక్కల చుట్టూ ఉంగరాల్లాగా రంగులు వచ్చి, చెరువు దగ్గర ఆకుపచ్చ, ఎరుపు కలిసిపోయి పసుపు పట్టీ ఒకటి తయారైంది. ఆ పసుపు రంగు నీళ్ళు ఊళ్ళో ఎక్కడా లేవు. మండలానికి రెండు మూడు బావులున్న చోట, అదీ రాతి నేలలో, రంగు నింపిన మ్యాపు చూస్తే ముందు 'చుక్కలు ఎన్ని?' అని అడగండి. ప్రపంచం మొత్తానికి నీటి ఎద్దడి చూపించే అక్విడక్ట్ లాంటివైతే ఉపపరీవాహక ప్రాంతాన్ని ఒక ముక్కగా లెక్కేస్తాయి. వాటిని ఊరికి వాడకూడదు.

చెరువు, చిల్లచెట్లు

చేదబావి నీళ్ళు తాగాలంటే ఆ బావి ఎండాకాలం దాకా ఉండాలి. అది చెరువు మీద ఆధారం. చెరువులో ఏ ఏడు ఎన్నాళ్ళు నీళ్ళున్నాయో రికార్డు ఎవరి దగ్గరా లేదు. దీనికి యూరప్ వాళ్ళ గ్లోబల్ సర్ఫేస్ వాటర్ మ్యాపు పనికొచ్చింది. 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో ఎక్కడెక్కడ నీళ్ళు కనిపించాయో 30 మీటర్ల గడుల్లో చూపిస్తుంది. పామూరు దగ్గర మోపాడు లాంటి పెద్ద జలాశయమైతే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మా చెరువు మాత్రం సగమే కనిపించింది, ఆ సగం కూడా ఏడాదిలో కొన్ని నెలలే. సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్లవి, అయిదు రోజులకోసారి వస్తాయి. వాటిలో చూసినా నవంబరు వానల తర్వాత కూడా తూర్పు సగం పచ్చగానే ఉంది.

'తూర్పు వైపు మేట వేసింది, నీళ్ళు నిలవడం లేదు' అని రిపోర్టులో రాసుకున్నాను. నీళ్ళు వదిలే కుర్రాడు నవ్వాడు. "అక్కడ నడుములోతు ఉంటయ్యన్నా. పైన చిల్లచెట్లు గదా, నీకెట్టా కనపడతాయి?" సర్కారు తుమ్మ కమ్ముకున్న చోట ఉపగ్రహానికి కనిపించేది ఆకులే. రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశాను. కంప కొట్టించాలని మాత్రం కొత్త వాక్యం చేర్చాను.

నీటి మట్టాల కోసం రాష్ట్రం నడిపే జల సమాచార పోర్టల్ ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ చూశాను. మండలాల వారీగా మట్టాలు, వాన లెక్కలు ఒకచోట దొరుకుతాయి, విరిస్ కన్నా తాజాగా ఉంటాయి. ఆ గ్రాఫును ప్రింటు తీసి పంచాయతీలో చూపిస్తే ఒకాయన "మే నెలలో నీళ్ళు పెరిగినయ్యే!" అని ఆశ్చర్యపోయారు. ఆ అంకె నేల నుంచి ఎన్ని మీటర్ల కిందికి వెళ్తే నీళ్ళు తగులుతాయో చెబుతుంది. అంకె పెరిగితే నీళ్ళు దిగిపోయినట్టు. ఎక్సెల్‌లో మామూలుగా గీస్తే గీత పైకి లేస్తుంది, చూసేవాడికి పెరిగినట్టే ఉంటుంది. నిలువు గీత మీది అంకెలను తలకిందులు చేసి, పైన 'నేల' అని రాసి మళ్ళీ ప్రింటు తీశాను. అప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి చేసింది

కొత్త బోరు వెయ్యలేదు. కట్ట కింది మూడు చేదబావుల్లో ఒకదానికి పూడిక తీసి, చుట్టూ వర కట్టించి, మూత వేయించి, చిన్న మోటారు పెట్టారు. ఆ నీళ్ళు వేరే సింటెక్స్ ట్యాంకులోకి, తాగడానికీ వంటకీ మాత్రమే. ఓవర్‌హెడ్ ట్యాంకు మామూలుగా బోరు నీళ్ళతోనే నిండుతుంది, స్నానాలకు, బట్టలకు.

ఇది పూర్తి పరిష్కారమని నేను అనను. లోతు తక్కువ బావికి వేరే తిప్పలున్నాయి. ల్యాబు రిపోర్టులో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితికి దగ్గరగా వచ్చింది. బావికి ఎగువన పెంటకుప్పలున్నాయి. వాటిని తీయించడం బోరు వేయించడంకన్నా కష్టమైంది. మూడు ఇళ్ళవాళ్ళు రెండు నెలలు మాట్లాడలేదు. రోజూ క్లోరిన్ వేయాలి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని చెప్పి, ఆ గీతను కూడా మ్యాపు మీద గీసి ఇచ్చాను.

2024 ఏప్రిల్ మూడో వారంలో బావి అడుగంటింది. వానలు పడేదాకా ట్యాంకరే. పప్పు గొడవ ఇప్పటికీ ఉంది. తాగడానికి బావి నీళ్ళు, పప్పుకు మాత్రం బోరు నీళ్ళు వాడే ఇళ్ళు ఉన్నాయని సర్పంచి గారే చెప్పారు. వాళ్ళ ఇంట్లో సంగతి నేను అడగలేదు.

మ్యాపును ఫ్లెక్సీ వేయించి పంచాయతీ ఆఫీసు గోడకు కట్టాం. కనిగిరిలో ఫ్లెక్సీ షాపు అబ్బాయి డిజైన్ చూసి, "పైన ఫోటోలు ఎవరెవరివి పెట్టాలన్నా?" అని అడిగాడు. ఎవరివీ వద్దంటే నమ్మలేదు.

పోయినసారి వెళ్ళినప్పుడు నీళ్ళు వదిలే కుర్రాడు బోర్ల దిమ్మెల మీద తెల్ల పెయింటుతో లోతు రాస్తున్నాడు. 280, 340, 520. రెండు దిమ్మెల మీద మాత్రం అంకె లేదు, ప్రశ్నార్థకం వేశాడు. వాటిని వేయించినవాళ్ళు ఊళ్ళో లేరు, మోటారు దించిన మెకానిక్ ఎవరో తెలియదు. నా మ్యాపులో ఆ రెండు త్రికోణాలకు లోతు అంచనాగా రాసి ఉంది. ఇంటికొచ్చి నేనూ దాన్ని ప్రశ్నార్థకంగా మార్చాను.